ప్రజాసేవలో స్త్రీలు: గౌరవానికి కొలమానం ఏది?

ఢిల్లీ మెట్రో గులాబీ మార్గంలో లాజ్‌పత్ నగర్ వైపు ప్రయాణించేవారికి ఒకచోట వరుసగా కొన్ని పేర్లు వినిపిస్తాయి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ దాటగానే ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారి పేరు మోసే మోతీబాగ్ వస్తుంది. తరువాతది భికాజీ కామా ప్లేస్, దాని వెంటనే సరోజినీ నగర్. నాలుగు స్టేషన్ల వ్యవధిలో ముగ్గురు స్త్రీల పేర్లు! వీరిలో ఒకరు రాజమహేంద్రవరంలో పుట్టిన తెలుగు వనిత. మరొకరు హైదరాబాదులో పుట్టి, తెలుగింటి కోడలై, దేశానికి నాయకురాలైన కవయిత్రి. దేశ రాజధానిలో ప్రజాసేవ చేసిన స్త్రీలకు ఈపాటి స్థానం దక్కడం సంతోషించదగిన విషయమే.

అయితే ఆ పెట్టెలో మనతోపాటు ప్రయాణించేవారిని ఈ పేర్ల గురించి అడిగి చూస్తే మన సంతోషానికి కొంత హద్దు ఏర్పడుతుంది. ఢిల్లీ యువతరానికి ‘సరోజినీ’ అంటే చవకగా దుస్తులు దొరికే బజారు. ‘భికాజీ కామా’ అంటే కార్యాలయాల సముదాయం. దుర్గాబాయి పేరు 2018 మార్చిలో ఆ స్టేషన్ తెరిచిన నాటినుంచి లక్షల మంది నోట నలుగుతున్నది. కాని చాలామందికి అది ధౌలాకువాఁ విమానాశ్రయ మార్గానికి నడిచి వెళ్ళే వంతెన ఉన్న స్టేషను మాత్రమే. ఇది ఢిల్లీకి పరిమితమైన సంగతి కాదు. హైదరాబాదులో సైదాబాదు దగ్గర ‘ఐ.ఎస్. సదన్’ అనే కూడలి ఉంది. స్వాతంత్ర్య సమరయోధురాలు, మూడు పర్యాయాలు లోక్‌సభ సభ్యురాలు అయిన సంగం లక్ష్మీబాయి స్థాపించిన ఇందిరా సేవాసదనం పేరు అది. బస్సు బోర్డుల మీద అది పొడి అక్షరాలకు కుదించుకుపోయింది. ఆ అక్షరాల వెనుక ఒక అనాథ బాలికల ఆశ్రమం ఉన్నదనీ, ఆశ్రమం వెనుక ఒక జైలు జీవితం ఉన్నదనీ బస్సు దిగేవారికి తెలియదు.

వాడుకలో నాణెం అరిగినట్లే పేరూ అరుగుతుంది. అది ఎవరి తప్పూ కాదు. నిలిచిన పేరుకు మళ్ళీ అర్థం పోయవలసినది రచన. కాబట్టి, రాజకీయాల్లోనూ ప్రజాసేవలోనూ కృషి చేసిన స్త్రీలను మన రచన ఎలా గౌరవిస్తున్నది అన్నది సాహిత్య విమర్శ అడగవలసిన ప్రశ్న. జయంతి వ్యాసాలు, అభినందన సంచికలు, ఆత్మకథలు, విని రాసిన జీవిత కథలు - ఇవన్నీ మన భాషలో ఒక ప్రక్రియగా పెరిగాయి. కథనూ కవితనూ పరీక్షించినంత శ్రద్ధగా ఈ ప్రక్రియను మనం పరీక్షించలేదు. ఆ ప్రయత్నానికి ఈ వ్యాసం చిన్న ఉపక్రమం.

‘ప్రథమ మహిళ’ అనే వాక్యం

జయంతి వ్యాసాలకు ఒక మూస ఏర్పడింది. జననం, బాల్యంలో ఒక సాహస ఘట్టం, జైలు, పదవి, పురస్కారం, మరణం. ఈ మూసకు వెన్నెముక వంటి వాక్యం ఒకటి ఉంది: ‘ఈ పదవిని అలంకరించిన ప్రథమ మహిళ.’ సరోజినీ నాయుడు 1947లో సంయుక్త రాష్ట్రాల గవర్నరై స్వతంత్ర భారతంలో ఆ పదవి చేపట్టిన ప్రథమ మహిళ అయ్యారు. టి.ఎన్. సదాలక్ష్మి 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఉపసభాపతి అయిన ప్రథమ మహిళ. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి 1953లో దుర్గాబాయి ప్రథమ అధ్యక్షురాలు. ఇవన్నీ సత్యాలు, స్మరించవలసిన సత్యాలు.

కాని ఆ వాక్యాన్ని కొంచెం ఆగి చదివితే అది వ్యక్తిని గురించి చెప్పేది తక్కువ, పదవిని గురించి చెప్పేది ఎక్కువ. ‘ఈమె మొదటిది’ అంటే ‘అంతవరకు ఈ తలుపు మూసి ఉన్నది’ అని అర్థం. తలుపు ఇంతకాలం ఎందుకు మూసి ఉన్నదన్న ప్రశ్న అడగకుండా, దాన్ని తోసుకుని వచ్చిన ఆమెను అసామాన్యురాలని కీర్తిస్తే, మూసినవారికి మనం తెలియకుండానే క్షమాపణ పత్రం రాసి ఇచ్చినట్లవుతుంది. అసామాన్యురాలు కనుక రాగలిగింది, తక్కినవారు సామాన్యులు కనుక రాలేదు అన్న భావం ఆ పొగడ్త అడుగున దాగి ఉంటుంది.

రెండవ ఇబ్బంది, ఈ వాక్యంలో రెండవ స్త్రీకి చోటు లేదు. మొదటి ఆమె వెంట వచ్చి, చప్పుడు లేకుండా ఆ కుర్చీని స్త్రీలకు మామూలు కుర్చీగా మార్చిన రెండవ, మూడవ, పదవ స్త్రీ ఏ జాబితాలోనూ కనిపించదు. రాజ్యాంగ సభలో పదిహేనుమంది స్త్రీలు సభ్యులుగా ఉన్నారు. 2024 సాధారణ ఎన్నికల్లో లోక్‌సభలోని 543 స్థానాలకు ఎన్నికైన స్త్రీలు 74 మంది. ‘ప్రథమ మహిళ’ల జాబితా ఏటేటా పెరుగుతూ పోయినా సభలో వారి సంఖ్య ఏడింట ఒక వంతుకు కూడా చేరలేదని ఈ లెక్క చెబుతున్నది. జాబితాను ప్రగతికి కొలమానం చేసుకుంటే ఈ వ్యత్యాసం మన కంటికి ఆనదు.

మూడవది మరింత ముఖ్యమైనది. ఈ మూసలో ఓటమికి తావు లేదు. దుర్గాబాయి జీవితాన్నే తీసుకుందాం. రాజ్యాంగ సభలో అంత ప్రముఖంగా పనిచేసిన ఆమె 1952 ఎన్నికల్లో ఓడిపోయారు. ఆ తరువాతనే ప్రణాళికా సంఘం సభ్యత్వం, దాని వెంట సాంఘిక సంక్షేమ మండలి వచ్చాయి. దేశమంతటా స్వచ్ఛంద సంస్థలను ప్రభుత్వ సహాయంతో ముడివేసిన మహత్తర కృషి ఒక ఓటమి తరువాత మొదలైన రెండవ జీవితం. జయంతి వ్యాసం ‘రాజ్యాంగ సభ సభ్యురాలు’ నుంచి ‘ప్రణాళికా సంఘం సభ్యురాలు’కు ఒక్క కామాతో దూకుతుంది. ఆ కామాలో ఎంత నిరాశ, ఎంత ఆత్మపరీక్ష, ఎంత పునర్నిశ్చయం ఉండి ఉంటుంది! రాజకీయాల్లోకి రాదలచిన నేటి యువతికి ఉపయోగపడే పాఠం ఆ కామాలోనే ఉంది.

రెండు శీర్షికలు, ఇద్దరు రచయితలు

దుర్గాబాయి ఆత్మకథాత్మక గ్రంథం ‘చింతామన్ అండ్ ఐ’ 1980లో వెలువడింది. మరుసటి ఏడు మే 9న ఆమె కన్నుమూశారు. ఆంధ్ర మహిళా సభ చరిత్రను ఆమె ‘ద స్టోన్ దట్ స్పీకెత్’ పేరుతో వేరుగా రాశారు. రిజర్వు బ్యాంకు గవర్నరుగా, కేంద్ర ఆర్థికమంత్రిగా పనిచేసిన ఆమె భర్త చింతామణ్ దేశ్‌ముఖ్ 1974లోనే తన ఆత్మకథ ‘ద కోర్స్ ఆఫ్ మై లైఫ్’ ప్రకటించారు.

ఈ శీర్షికలను పక్కపక్కన పెట్టి చూడండి. ఆయన గ్రంథం పేరు ‘నా జీవన గమనం’ అన్న అర్థాన్నిస్తుంది. అందులో ‘నా’ ఒక్కటే ఉంది. ఆమె గ్రంథం ‘చింతామణ్, నేను’. అందులో ‘నేను’ రెండవది. సంస్థ చరిత్రకు వచ్చేసరికి ‘నేను’ పూర్తిగా తప్పుకుని, మాట్లాడే బాధ్యతను ఒక రాయికి అప్పగించింది. పన్నెండేళ్ళ వయస్సులో సభా వేదిక ఎక్కి, ఇరవై ఒక్క ఏళ్ళకే ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళి, మధుర చెరసాలలో ఏకాంత నిర్బంధం అనుభవించిన స్త్రీ తన జీవిత కథకు పేరు పెట్టే క్షణంలో ఒక అడుగు వెనక్కు ఎందుకు వేశారు?

దీనిని అణకువ అని మెచ్చుకుని ఊరుకోవడం తేలిక. పురుషాధిక్య భావజాలానికి లొంగుబాటు అని తీర్పు చెప్పడం అంతకంటే తేలిక. రెండూ సరిపోవు. ఆ కాలపు స్త్రీకి ప్రజాజీవితంలో ‘నేను’ అనే మాట ఖరీదైనది. పురుషుడు ‘నేను చేశాను’ అంటే అది జ్ఞాపకం. స్త్రీ అంటే అది అహంకారం. అందుకని ఆమె తరం స్త్రీలు తమ కృషిని సంస్థ పేరుతోనో, సహచరుని పేరుతోనో, ఉద్యమం పేరుతోనో చెప్పుకునే విద్యను అలవరచుకున్నారు. ఆ విద్య వల్ల పని సాగింది, కాని పనిచేసిన వ్యక్తి చరిత్రలో నీడగా మిగిలింది. అయితే ఇంకొక కోణం కూడా ఉంది. 1953 జనవరిలో వారి వివాహం జరిగేనాటికి దుర్గాబాయి ప్రజాజీవితంలో మూడు దశాబ్దాలు గడిపినవారు. బాల్యంలో తనకు తెలియకుండా జరిగిన పెళ్ళినుంచి వయస్సు వచ్చాక తానే వైదొలగినవారు. ఆ మొదటి భర్త మరణించాక, ఆయన రెండవ భార్యకు ఆంధ్ర మహిళా సభలో వృత్తి శిక్షణ ఇప్పించినవారు. అటువంటి వ్యక్తికి ‘చింతామణ్, నేను’ అన్న జంట తానుగా ఎన్నుకున్నది. సమానుల కలయికకు ఆ శీర్షిక ఒక ప్రకటన కూడా కావచ్చు. ఈ రెండు అర్థాలూ ఒకే శీర్షికలో ఇమిడి ఉండడమే ఆ గ్రంథాన్ని సాహిత్యంగా చదవవలసిన అవసరాన్ని తెలుపుతుంది.

ఘట్టం చెప్పేదేమిటి?

దుర్గాబాయిని గురించిన ప్రతి వ్యాసంలోనూ ఒక ఘట్టం తప్పక వస్తుంది. 1923లో కాకినాడ కాంగ్రెసు సందర్భంగా జరిగిన ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర బాలిక దుర్గాబాయి స్వచ్ఛంద సేవికగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపివేశారు. టిక్కెట్టు కొన్న తరువాతనే ఆయనను లోపలికి పంపారు. దీనిని మన వ్యాసకర్తలు సాహస కథగా చెబుతారు. అందులో సాహసం ఉన్నమాట నిజమే. కాని ఆ బాలికకు అప్పగించిన పని టిక్కెట్టు చూడడం. ఆమె ఆ పని చేశారు. మనిషిని బట్టి నియమం మారకూడదన్న సూత్రం ఆ ద్వారం దగ్గర కనిపించింది. పరిపాలనకు మూలసూత్రం అదే. తరువాతి కాలంలో ప్రభుత్వ ధనాన్ని వేలాది సంస్థలకు పంచే మండలికి అధ్యక్షురాలైన వ్యక్తి బాల్యంలో ఈ ఘట్టం ఉండడం అందుకే అర్థవంతం. సాహస కథగా చదివితే అది నెహ్రూ ఔదార్యంతో ముగుస్తుంది. పరిపాలన కథగా చదివితే అక్కడినుంచే మొదలవుతుంది.

అంతకు రెండేళ్ళ ముందు, 1921లో, గాంధీజీ కాకినాడ వచ్చినప్పటి ఘట్టం ఇంకా లోతైనది. దేవదాసీలకూ పరదాలో ఉండే ముస్లిం స్త్రీలకూ గాంధీజీ విడిగా మాట్లాడాలని పన్నెండేళ్ళ దుర్గాబాయి పట్టుపట్టారు. అందుకు నిర్వాహకులు ఐదు వేల రూపాయల విరాళం షరతు పెడితే, ఆ స్త్రీలనుంచే సమకూర్చారు. గాంధీజీ హిందీ ప్రసంగాన్ని తెలుగులోకి అనువదించారు. ఇక్కడ గమనించవలసింది ఆమె ఎన్నుకున్న శ్రోతలను. ఊరు సభలకు పిలవని స్త్రీలు వారు. వారి భాషలోకి నాయకుని మాటను మార్చి అందించడం ఆమె చేసిన మొదటి ప్రజాసేవ. ఒక విధంగా చూస్తే ఆమె జీవితమంతా ఈ అనువాదమే. ఢిల్లీలో రూపొందే పథకాన్ని గ్రామంలోని స్త్రీకి, గ్రామంలోని స్త్రీ అవసరాన్ని ఢిల్లీకి అర్థమయ్యే భాషలోకి మార్చడం.

అందుకు ప్రబలమైన తార్కాణం వయోజన స్త్రీల సంక్షిప్త విద్యా శిక్షణ పథకం. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలు, వితంతువులు, భర్త విడిచిన వారు తక్కువ కాలంలో పాఠశాల పరీక్షలకు తయారై, నర్సులుగా, ఉపాధ్యాయినులుగా, గ్రామసేవికలుగా ఉపాధి పొందడానికి సాంఘిక సంక్షేమ మండలి 1958లో దీనిని ప్రారంభించింది. ఈ ఆలోచన ఏ విదేశీ నివేదికలోనుంచీ ఊడిపడలేదు. జైలునుంచి వచ్చాక పెద్ద వయస్సులో మెట్రిక్యులేషన్ మొదలుపెట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ., మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేసిన స్త్రీ అనుభవం అది. కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షకు బాలికలను తయారుచేసే తరగతులుగా మద్రాసులో ఆరంభమైన ఆంధ్ర మహిళా సభ దానికి నమూనా. స్వీయానుభవం సంస్థ అయింది, సంస్థ పథకమైంది. ఆత్మకథలో విమర్శకుడు వెదకవలసిన కథా సూత్రం ఇదే. ఒక వ్యక్తి బాధ ఏ మలుపు దగ్గర నలుగురికీ పనికివచ్చే నియమంగా మారింది?

రాజ్యాంగ సభలో రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయస్సు ముప్పైఐదు కాదు, ముప్పై చాలునని ఆమె ప్రతిపాదించిన సవరణ నేటికీ రాజ్యాంగంలో ఉంది. కుటుంబ వివాదాలకు ప్రత్యేక న్యాయస్థానాలు కావాలని ఆమె 1953 నాటి చైనా పర్యటన తరువాత న్యాయకోవిదులతోనూ నెహ్రూతోనూ చర్చించారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో, ఆమె మరణించిన మూడేళ్ళకు వచ్చింది. స్త్రీ విద్యపై 1958లో ఏర్పడిన జాతీయ సంఘానికి ఆమె అధ్యక్షురాలు. ఢిల్లీ తెలుగువారి మట్టుకు మరొక ఋణం ఉంది. ఉద్యోగాలకోసం రాజధానికి వచ్చిన కుటుంబాల పిల్లలు తెలుగుకు దూరం కాకుండా 1948లో ఆమె ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని నెలకొల్పారు. రాజ్యాంగ రచన ముమ్మరంగా సాగుతున్న కాలంలోనే పిల్లల బడి గురించి కూడా ఆలోచించిన ఆ మనస్సు గొప్పదనం ‘ప్రథమ మహిళ’ జాబితాకు అందేది కాదు.

ఆమె ఆత్మకథ ఇంగ్లీషులో వెలువడడం కూడా విమర్శకు రావలసిన విషయమే. తెలుగు మాతృభాష, హిందీ తాను బాలికగా కాకినాడలో నేర్చి నేర్పిన భాష, భర్త మాతృభాష మరాఠీ, కార్యరంగం ఢిల్లీ. ఇంగ్లీషు ఆ పరిస్థితిలో సహజమైన ఎంపిక. కాని యౌవనంలో ‘ఆంధ్ర మహిళ’ పత్రికను తెలుగులో నడిపిన రచయిత్రి తుది గ్రంథం మరొక భాషకు చెందడం వల్ల తెలుగు గద్యానికి కలిగిన నష్టం తక్కువది కాదు. ప్రణాళిక, నిధులు, సంఘాలు, నివేదికలు - ఈ ప్రపంచాన్ని జీవంతో చెప్పగల తెలుగు వచనం మనకు కొరతగానే మిగిలింది.

తెలుగులో ‘నేను’

మరి తెలుగులో ఈ ‘నేను’ ఎలా పలికింది? సంగం లక్ష్మీబాయి తన గ్రంథానికి ‘నా జైలు జ్ఞాపకాలు - అనుభవాలు’ అని పేరు పెట్టారు. గుంటూరు శారదా నికేతనంలో చదివి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళి, హైదరాబాదు రాష్ట్రంలో విద్యాశాఖ ఉపమంత్రిగా పనిచేసి, 1957లో వికారాబాద్ నుంచి, ఆపైన వరసగా రెండుసార్లు మెదక్ నుంచి పార్లమెంటుకు ఎన్నికైన ఆమె తన జ్ఞాపకాలకు పదవి పేరు పెట్టలేదు, జైలు పేరు పెట్టారు. మంత్రిగా, సభ్యురాలిగా గడిపిన ఏళ్ళకంటె జైలులో గడిపిన కాలమే తన అసలు చిరునామా అని ఆ శీర్షిక చెబుతున్నది. ఆ తరం విలువల్లో ఇది సహజం. త్యాగం చెప్పుకోదగినది, అధికారం చెప్పుకోకూడనిది. కాని ఈ మర్యాద వల్ల స్త్రీలు అధికారాన్ని ఎలా నిర్వహించారన్న సమాచారం మన సాహిత్యంలో అరుదైపోయింది.

దీనికి పూర్తిగా భిన్నమైన స్వరం టి.ఎన్. సదాలక్ష్మిది. హైదరాబాదులో పారిశుద్ధ్యపు పని చేసే మెహతర్ కులంలో పుట్టి, శాసనసభ్యురాలై, ఉపసభాపతియై, దేవాదాయ శాఖ మంత్రిగా పనిచేసి, 1969 తెలంగాణ ఉద్యమంలోనూ 1990ల మాదిగ దండోరా ఉద్యమంలోనూ ముందు నిలిచిన నాయకురాలు ఆమె. 2004లో మరణించారు. ఆమె జీవిత కథను గోగు శ్యామల సంభాషణల ఆధారంగా రాయగా 2011లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ‘నేనే బలాన్ని’ పేరుతో ప్రచురించింది. దుర్గాబాయి శీర్షికలో రెండవదైన ‘నేను’ ఇక్కడ మొదటి మాట అయింది. దానికి ‘ఏ’కారపు బలం కూడా తోడయింది. చింతామణ్ దేశ్‌ముఖ్ వంటి సహచరుని పేరుగాని, దశాబ్దాలుగా నిలిచిన పెద్ద సంస్థ గాని, రాజధాని పెద్దల పరిచయాలు గాని ఆసరాగా లేనివారికి ‘నేను’ అహంకారం కాదు, ఉన్న ఒక్క ఆధారం. గుడి వాకిట నిలువనీయని సమాజంలో పుట్టిన స్త్రీ గుళ్ళ ఆస్తులను పర్యవేక్షించే మంత్రి కావడం ఎంత పెద్ద సంఘటనో, దానిని చెప్పే తెలుగు పుస్తకం ఆమె మరణించిన ఏడేళ్ళకు గాని రాకపోవడం మన సాహిత్య సమాజాన్ని గురించి అంతే పెద్ద సంగతి చెబుతున్నది. గౌరవం కూడా అందరికీ ఒకే వేగంతో అందదు. స్టేషను పేరు, తపాలా బిళ్ళ, పద్మ పురస్కారం ఒక దారిన వస్తాయి. ఓపికగా పక్కన కూర్చుని వినే చెవి వేరొక దారిన, చాలా ఆలస్యంగా వస్తుంది.

అటువంటి వినికిడికి తెలుగులో బాట వేసిన గ్రంథం స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వారి నుడికారం చెడకుండా అచ్చువేసిన ఆ సంకలనం చరిత్రకు ఎంత మేలు చేసిందో వచనానికీ అంత మేలు చేసింది. ఆ తోవలోనే 2019లో మల్లు స్వరాజ్యం జ్ఞాపకాలు ‘నా మాటే తుపాకీ తూటా’ వచ్చాయి. 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి ఆమె శాసనసభకు ఎన్నికయ్యారు. 2022 మార్చిలో మరణించారు.

ఈ గ్రంథాలను ఎంతగా మెచ్చుకున్నా, ప్రక్రియకు ఒక పరిమితి ఉన్నదని విమర్శ చెప్పక తప్పదు. ఉద్యమ కాలం కథకు అనువైనది. అడవి, తుపాకి, రహస్య స్థావరం, జైలు - వీటిలో నాటకీయత దానంతట అదే ఉంటుంది. శాసనసభలో కూర్చున్న సంవత్సరాలు అంత తేలికగా కథకు లొంగవు. ఒక ప్రశ్న వేయడానికి ఎన్ని రోజులు పట్టింది, ఏ సవరణను ఎవరు అడ్డుకున్నారు, నియోజకవర్గంలో ఒక బావికోసం ఎన్ని దరఖాస్తులు పెట్టారు అన్నది వినేవారికి ఉత్కంఠ కలిగించదు. కనుక వినేవారు అడగరు, చెప్పేవారు చెప్పరు. చివరికి పోరాడిన స్త్రీ మనకు మిగులుతుంది, పాలించిన స్త్రీ జారిపోతుంది. విని రాసే రచయితలు శాసనసభ చర్చల సంపుటాలను పక్కన పెట్టుకుని ప్రశ్నలు అడగడం ఈ లోటుకు ఒక మందు. జ్ఞాపకం మరచినదాన్ని దస్త్రం గుర్తుచేస్తుంది. దస్త్రం దాచినదాన్ని జ్ఞాపకం బయటపెడుతుంది.

పాఠం ముందు, పని తరువాత

ఇంతవరకు పని జరిగాక దాన్ని స్మరించే రచనలను చూశాం. వరుస తారుమారైన ఒక ఉదాహరణ కూడా తెలుగు నేలమీద ఉంది. నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో వాడిన వాచకంలో సీతమ్మ అనే స్త్రీ కథ, స్త్రీలు ఏకమైతే ఏం చేయగలరో చెప్పే పాఠం ఉన్నాయి. రాత్రి బడిలో అక్షరాలు కూడబలుక్కుంటూ వాటిని చదివిన దూబగుంట స్త్రీలు వర్ధినేని రోశమ్మ నాయకత్వాన తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. 1992లో ఆ నిప్పు రాష్ట్రమంతటా పాకింది. 1993 అక్టోబరు 1నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధాన్ని సడలించిన మాటా నిజమే. అయినా ఏ పదవీ లేని గ్రామీణ స్త్రీలు ప్రభుత్వ ఆదాయ విధానాన్నే కదిలించిన ఘట్టంగా అది చరిత్రలో నిలిచింది.

ఆ వాచకం రాసినవారు ఎవరినీ ‘ప్రథమ మహిళ’ అని పొగడలేదు. చదువరి తన ఊరిని, తన ఇంటిని, తన బాధను గుర్తుపట్టేలా ఒక పనిని వర్ణించారు; అంతే. చదువరి లేచి ఆ పని చేసింది. గౌరవ రచనకు ఇంతకంటే మంచి గీటురాయి ఉండదు. చదివినవారు చేతులు జోడిస్తే అది స్తోత్రం, చేతులు కలిపితే అది చరిత్ర.

ముందున్న బాధ్యత

ఈ చర్చ ఇప్పుడు ఎందుకు అవసరమంటే, స్త్రీల ప్రజాజీవితం పరిమాణంలోనే మారిపోతున్న కాలమిది. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలలో మూడింట ఒక వంతు స్థానాలను స్త్రీలకు కేటాయించింది. తరువాత తెలుగు రాష్ట్రాలలో ఆ కేటాయింపు సగానికి పెరిగింది. 2023 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించిన 106వ సవరణ లోక్‌సభలోనూ శాసనసభలలోనూ మూడింట ఒక వంతు స్థానాలను కేటాయిస్తూ, దాని అమలును జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టింది. స్త్రీలు వేల సంఖ్యలో సర్పంచులైనచోట ‘ప్రథమ మహిళ’ మూస ఎటూ పనికిరాదు. మరోవైపు, భార్య సంతకం చేస్తే భర్త పెత్తనం చేసే ‘సర్పంచి భర్త’ వ్యవహారం మనకు కొత్త కాదు. సన్మాన సభలో శాలువా ఆమెకు, మైకు ఆయనకు దక్కిన దృశ్యాలు చూసినవారే అందరూ. ఆమె చేసిన పనిని ఎవరూ వివరంగా రాసిపెట్టకపోతే, ఆమె ఏ పనీ చేయలేదన్న మాటకు బలం చేకూరుతుంది.

కనుక ప్రభుత్వ సాంస్కృతిక సంస్థలూ అకాడమీలూ విశ్వవిద్యాలయాలూ చేపట్టదగిన పనులు కొన్ని ఉన్నాయి. శాసనసభలలోనూ పార్లమెంటులోనూ తెలుగు స్త్రీలు చేసిన ప్రసంగాలను ఎంపిక చేసి, సందర్భ వివరణలతో తెలుగులో సంపుటాలుగా ప్రచురించాలి. దుర్గాబాయి ఇంగ్లీషు గ్రంథాలను, ఆమె సంఘాల నివేదికలలోని ముఖ్యభాగాలను ఆంధ్ర మహిళా సభ చరిత్రతో జతచేసి తెలుగు చదువరికి ఒకే చోట అందించాలి. జీవించి ఉన్న స్త్రీ ప్రజాప్రతినిధుల కార్యానుభవాలను, ముఖ్యంగా రెండవసారి గెలిచిన, ఒకసారి ఓడిన సర్పంచుల అనుభవాలను, ఓపికగా విని రాయించాలి. వీటికి అయ్యే వ్యయం ఒక విగ్రహానికి అయ్యేపాటిది. విగ్రహం ఒక్క కూడలిలో నిలుస్తుంది, పుస్తకం ప్రతి గ్రంథాలయానికీ వెళుతుంది.

అధికారులకు ఒక విన్నపం, సాహితీపరులకు ఒక విన్నపం. జయంతి సంచిక వేయించే అధికారి వ్యాసకర్తను అడగవలసింది పదవుల పట్టిక కాదు. ఆమె తెచ్చిన ఒక మార్పు, అది తేవడంలో ఎదురైన ఒక అడ్డంకి, ఆమెతో కలిసి పనిచేసినవారి ఊసు. సాహితీపరులు ఇటువంటి రచన తమ స్థాయికి తగదన్న అపోహ విడిచిపెట్టాలి. ఒక బావి, ఒక బడి, ఒక చట్టపు సవరణ ఎలా సాధ్యమయిందో ఉత్కంఠతో చెప్పడం నవల రాయడం కంటే సులువైన పని కాదు.

గులాబీ మార్గం సౌత్ క్యాంపస్ స్టేషనులో రోజూ వందలాది విద్యార్థినులు దిగుతారు. చదువు మధ్యలో ఆగిపోయిన తల్లికో అమ్మమ్మకో పుట్టిన బిడ్డలు వారిలో ఎందరో ఉంటారు. ఆ గోడమీద ఉన్న పేరు గల స్త్రీ పెద్ద వయస్సులో మెట్రిక్ చదివి, తనవంటివారికోసం దేశమంతటికీ ఒక పథకం తెచ్చిందని వారికి ఎవరైనా చెప్పాలి. ఆ క్షణంలో స్టేషను పేరుకు మళ్ళీ ప్రాణం వస్తుంది. పేరు పెట్టడం ప్రభుత్వం చేయగలిగిన పని, అది చేసింది. ఆ పేరును చదివించడం మన పని.